లైవ్ క్లాసు వీడియో 25 సెకన్లు వెనకబడుతోంది, 40 వేల మందికి తగ్గించేదెలా?

నల్లబల్ల అడిగిన ప్రశ్న:

ఈఏపీసెట్, నీట్ పిల్లల లైవ్ క్లాసుల యాప్ ఇది. రోజూ సాయంత్రం 6కి క్లాసు, ఒకేసారి చూసేవాళ్లు 40 వేల దాకా ఉంటారు. స్టూడియో విజయవాడలో, సర్వర్ ముంబైలో. స్టూడియోలో ప్రసారం చేసే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ నుంచి, లైవ్ వీడియో పంపే పద్ధతి ఆర్‌టీఎంపీలో 720పీ వస్తుంది. సర్వర్‌లో వీడియోని మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఆ 720పీని ముట్టుకోకుండా కాపీ చేస్తుంది, 480పీ, 360పీ మాత్రం మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. మూడూ హెచ్‌ఎల్‌ఎస్ సెగ్మెంట్లుగా, అంటే ప్లేయర్ ఒకదాని తర్వాత ఒకటి దించుకునే వీడియో ముక్కలుగా, ఒక్కోటి 6 సెకన్లు. వాటి ముందు వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్, దాని ముందు సీడీఎన్ (ఫైళ్ల కాపీలు పెట్టుకుని అందరికీ పంచే సర్వర్లు). వీడియో ఆడించే ప్లేయర్లు ఆండ్రాయిడ్ యాప్‌లో ఎక్సోప్లేయర్, బ్రౌజర్‌లో హెచ్‌ఎల్‌ఎస్ జేఎస్. నూటికి తొంభై మంది మొబైల్ డేటా మీదే చూస్తారు.

గొడవంతా పోల్ దగ్గర. సారు ప్రశ్న చదివి బటన్ నొక్కగానే ఆప్షన్లు వెబ్‌సాకెట్‌లో (ఎప్పుడూ తెరిచుండే కనెక్షన్) ఫోన్‌కి వెళ్లిపోతున్నాయి. వీడియో మాత్రం 25 నుంచి 30 సెకన్లు వెనక నడుస్తోంది. సారు ప్రశ్న చదవడం పిల్లలకి వినపడేసరికి 30 సెకన్ల పోల్ మూసుకుపోతోంది.

సెగ్మెంట్‌ని 6 నుంచి 1 సెకనుకి మార్చి చూస్తే ఆలస్యం దాదాపు అంతే ఉంది, పైగా 480 నుంచి 720కి మారేటప్పుడు బొమ్మ ఎగురుతోంది. పైవాళ్లు 2 సెకన్లలో రావాలంటున్నారు. వీడియో కాల్స్‌లో వాడే వెబ్‌ఆర్‌టీసీకి మారిపోవడమేనా? లేక హెచ్‌ఎల్‌ఎస్‌లోనే ఆలస్యం తక్కువుండే రకం, లో లేటెన్సీ హెచ్‌ఎల్‌ఎస్ సరిపోతుందా?


కీఫ్రేమ్‌కాపరి జవాబు:

సెగ్మెంట్ 1 సెకను పెట్టినా ఆలస్యం తగ్గలేదన్నారు చూడండి, దొంగ అక్కడే దొరికాడు. ఓబీఎస్‌లో కీఫ్రేమ్ (మిగతా ఫ్రేముల అవసరం లేకుండా తెరవగలిగే పూర్తి బొమ్మ) ఇంటర్వల్ 0 మీద, అంటే ఆటో మీద ఉండి ఉంటుంది. అలా వదిలేస్తే వీడియో ఎన్‌కోడర్ ఎక్స్264 తన డిఫాల్ట్ అయిన 250 ఫ్రేములకి ఒక కీఫ్రేమ్ వేస్తుంది. సెకనుకి 30 ఫ్రేములైతే 8.3 సెకన్లకి ఒకటి. కాపీ మోడ్‌లో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కీఫ్రేమ్ దగ్గర తప్ప ఎక్కడా కోయలేదు. మీరు 6 అన్నా 1 అన్నా అది 8.3 దాకా ఆగి కోస్తుంది. ప్లేయర్లు మామూలుగా చివరి నుంచి మూడు సెగ్మెంట్లు వెనక నుంచి మొదలుపెడతాయి. మూడు ఎనిమిదులు ఇరవై నాలుగు. మీ 25 సెకన్ల లెక్క తేలిపోయింది.

నమ్మకం కుదరకపోతే 720పీ ప్లేలిస్ట్ (సెగ్మెంట్ల జాబితా) తెరిచి ఎక్స్‌టిన్ఫ్ విలువలు, అంటే ఒక్కో సెగ్మెంట్ నిడివి, చూడండి. 8.333, 8.333, మధ్యలో ఉన్నట్టుండి 2.1, 6.2 అని కనిపిస్తాయి. ఆ చిన్నవి సారు స్లైడ్ మార్చిన చోట్లు. బొమ్మ పూర్తిగా మారితే ఎక్స్264 సీన్ మారిందనుకుని అక్కడ అదనంగా ఒక కీఫ్రేమ్ వేస్తుంది.

క్వాలిటీ మారేటప్పుడు బొమ్మ ఎగరడం కూడా దీని తమ్ముడే. 720పీ కీఫ్రేములు ఓబీఎస్ ఇష్టం, 480, 360 కీఫ్రేములు సర్వర్ ఇష్టం. మూడూ ఒకే క్షణంలో పడకపోతే ప్లేయర్ శుభ్రంగా మారలేదు.

చేయాల్సింది ఇది. ఓబీఎస్‌లో కీఫ్రేమ్ ఇంటర్వల్ 2 సెకన్లు, ఎక్స్264 ఆప్షన్ల పెట్టెలో సీన్‌కట్ 0, అంటే సీన్ మారినా అదనపు కీఫ్రేమ్ వద్దని. సర్వర్‌లో 480, 360 లకి జీఓపీ (కీఫ్రేమ్‌కీ కీఫ్రేమ్‌కీ మధ్య దూరం) 60 అని ఫ్రేములు లెక్కపెట్టకండి. ఆర్‌టీఎంపీలో నాలుగు ఫ్రేములు రాలిపోతే ఆ లెక్క జరిగిపోయి మళ్లీ తేడా మొదలవుతుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఫోర్స్ కీ ఫ్రేమ్స్ ఆప్షన్‌కి సోర్స్ అనే విలువ ఇవ్వండి. వచ్చే వీడియోలో కీఫ్రేమ్ ఎక్కడుంటే ఇక్కడా అక్కడే వేస్తుంది. దానికి తోడు సీన్‌కట్ థ్రెషోల్డ్ 0. జీఓపీ గరిష్ఠం మాత్రం 250 దగ్గరే వదిలేయండి, అడ్డం రాదు. సెగ్మెంట్ 2 సెకన్లు.

అప్పుడు లెక్క ఇలా ఉంటుంది: ప్లేయర్ వెనకుండేది 6 సెకన్లు, సెగ్మెంట్ పూర్తయ్యేదాకా ఆగేది 2, ఎన్‌కోడింగ్, అప్‌లోడ్ కలిపి 1, ప్లేలిస్ట్ మళ్లీ అడిగేలోపు పోయేది సగటున ఇంకో 1. మొత్తం 9, 10 సెకన్లు. కొత్త సర్వర్ లేదు, కొత్త ప్రోటోకాల్ లేదు.

సీడీఎన్‌లో ప్లేలిస్ట్‌కి కాష్ (దాచుకున్న కాపీ) గడువు 1 సెకను చాలు, సెగ్మెంట్లకి గంట పెట్టినా పర్వాలేదు. ప్లేలిస్ట్ గడువు 10 సెకన్లు అని ఉండిపోతే 2 సెకన్ల సెగ్మెంట్లతో వీడియో ఆగి ఆగి నడుస్తుంది, తప్పంతా పిల్లల నెట్ మీద వేస్తాం.

కొలిచేటప్పుడు జాగ్రత్త. ఫోన్ గడియారంతో పోల్చొద్దు, అదే సెకను రెండు సెకన్లు తప్పు ఉండొచ్చు. స్టూడియోలో సెకన్లు నడిచే గడియారం కెమెరా ముందు పెట్టి, ఆ గడియారం, ప్లేయర్ తెర రెండూ పడేలా ఒకే ఫోటో తీయండి. రెండంకెల తేడానే ఆలస్యం. పది ఫోటోలు తీసి సగటు చూడండి.

ఎన్‌కోడర్‌కి జీరోలేటెన్సీ ట్యూన్ పెట్టమని చాలామంది చెబుతారు. పట్టించుకోకండి. వెరీఫాస్ట్ ప్రీసెట్‌లో ఎన్‌కోడర్ ముందుచూపు 10 ఫ్రేములే, సెకనులో మూడో వంతు. 9 సెకన్లలో అది మిగిల్చి, అదే బిట్‌రేట్‌లో బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోయేలా చేసుకోవడం తెలివి కాదు.


సందు చివర జవాబు:

వెబ్‌ఆర్‌టీసీ సంగతి నేను చెబుతాను. అర సెకనులో వస్తుంది, నిజమే. కానీ అక్కడ కాష్ అనేదే లేదు. హెచ్‌ఎల్‌ఎస్‌లో ఒక సెగ్మెంట్ మీ సర్వర్ నుంచి ఒకసారి బయటికి వెళితే సీడీఎన్ 40 వేల మందికి పంచుతుంది. వెబ్‌ఆర్‌టీసీలో వీడియోని అందరికీ పంచే ఎస్‌ఎఫ్‌యూ సర్వర్ ప్రతి విద్యార్థికీ విడి కీతో ఎన్‌క్రిప్ట్ చేసి ప్యాకెట్ ప్యాకెట్‌గా పంపాలి.

సగటున 0.8 ఎంబీపీఎస్ అనుకుంటే 40 వేల మందికి 32 జీబీపీఎస్. గంట క్లాసుకి మనిషికి 360 ఎంబీ, మొత్తం 14.4 టీబీ. సీడీఎన్‌లో అయితే ఆ డేటాకి టోకు ధర. ఎస్‌ఎఫ్‌యూలో అయితే క్లౌడ్ వాళ్ల బయటికెళ్లే డేటా ధర. 10 జీబీపీఎస్ కార్డున్న మెషీన్ కాగితం మీద 12,500 మందికి సరిపోతుంది గానీ, ప్యాకెట్ల లెక్కకి, ఎన్‌క్రిప్షన్‌కి సీపీయూ అంతకంటే ముందే చేతులెత్తేస్తుంది. సగానికి మించి ప్లాన్ చేయకండి, పైగా ఎస్‌ఎఫ్‌యూలని చెట్టులా ఒకదానికింద ఒకటి కట్టాలి.

ఇంకో తలనొప్పి కీఫ్రేమ్ అడగడం. కొత్తగా చేరిన ప్రతివాడి ప్లేయరూ వెంటనే ఒక కీఫ్రేమ్ కావాలంటుంది. 6 గంటలకి అందరూ ఒకేసారి లోపలికొస్తే ఆ అడుగులన్నీ ఎన్‌కోడర్ దాకా పోయి వరుసగా కీఫ్రేములే వస్తాయి, బిట్‌రేట్ ఉబ్బుతుంది, ఉన్నవాళ్లకీ బొమ్మ పాడవుతుంది. ఎస్‌ఎఫ్‌యూ దగ్గర రెండు సెకన్లకి ఒకటికి మించకుండా అడ్డుకట్ట వేయాలి. ఓబీఎస్‌లో బీ ఫ్రేములు (తర్వాత వచ్చే ఫ్రేముల మీద కూడా ఆధారపడేవి) ఆపకపోతే బ్రౌజర్‌లో బొమ్మ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. హాస్టల్ వైఫైలు కొన్నిచోట్ల వెబ్‌ఆర్‌టీసీ వాడే యూడీపీని ఆపేస్తాయి, వాళ్లకి 443 పోర్టు మీద మధ్యవర్తిగా టర్న్ సర్వర్ విడిగా పెట్టాలి.

2023 నవంబర్ 19న వరల్డ్ కప్ ఫైనల్‌ని డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో ఒకేసారి 5.9 కోట్ల మంది చూశారు. ఆ స్థాయి నిలబడేది హెచ్‌టీటీపీ సెగ్మెంట్ల మీదే. పక్కింటి టీవీలో సిక్స్ అరుపు ముందే వినపడుతుందని జనం తిట్టుకుంటారు, అయినా చూస్తారు.

వెబ్‌ఆర్‌టీసీని డౌట్ అడగడానికి చెయ్యెత్తిన పది మందికి పెట్టండి. వాళ్ల గొంతు, సారు గొంతు ఎదురెదురు మాట్లాడుకోవాలి కాబట్టి అక్కడ అది తప్పదు. ఆ పది మందీ స్టూడియోలో ఓబీఎస్‌లోకి వస్తే మిగతా 40 వేల మందికి మామూలు దారిలోనే వెళుతుంది.


నల్లబల్ల:

కీఫ్రేమ్‌కాపరి గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం, కీఫ్రేమ్ ఆటో మీదే ఉంది. 2 సెకన్లు పెట్టాక ఫోటో లెక్కలో 9.5 వస్తోంది, బొమ్మ ఎగరడం కూడా పోయింది. కానీ పిల్లాడికీ పిల్లాడికీ తేడా ఉంది: ఒకరికి 8, ఒకరికి 14. పోల్‌లో ముందు చూసినవాడు జవాబు టెలిగ్రామ్‌లో పెట్టేస్తున్నాడు. లో లేటెన్సీ హెచ్‌ఎల్‌ఎస్ పెడితే ఇది పోతుందా?


గడియారం జవాబు:

పోదు. మీకు కావాల్సింది తక్కువ ఆలస్యం కాదు, అందరికీ ఒకే ఆలస్యం. పోల్‌ని గోడ గడియారానికి కాకుండా వీడియో గడియారానికి కట్టండి.

ప్లేలిస్ట్‌లో ప్రోగ్రామ్ డేట్ టైమ్ అనే ట్యాగ్ ఉంటుంది, ఈ ఫ్రేమ్ ఫలానా సమయానిది అని చెబుతుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో హెచ్‌ఎల్‌ఎస్ ఫ్లాగుల్లో దాన్ని తెరవండి. బ్రౌజర్‌లో హెచ్‌ఎల్‌ఎస్ జేఎస్‌ని ప్లేయింగ్‌డేట్ అడిగితే, ఆ పిల్లాడి తెర మీద ఇప్పుడు కనిపిస్తున్న ఫ్రేమ్ ఎప్పటిదో చెబుతుంది. ఎక్సోప్లేయర్‌లో విండో మొదలైన సమయానికి ప్రస్తుత పొజిషన్ కలిపితే అదే వస్తుంది. ఐఫోన్ సఫారీలో వీడియో ఎలిమెంట్ గెట్‌స్టార్ట్‌డేట్‌కి కరెంట్‌టైమ్ కలపాలి.

ఇక పోల్ ఇలా నడుస్తుంది. సారు బటన్ నొక్కగానే ప్రశ్న, తెరవాల్సిన వీడియో సమయం రెండూ ఫోన్‌కి పంపండి. ఫోన్ వెంటనే చూపించదు. తన వీడియో ఆ సమయానికి చేరాక చూపిస్తుంది. ఇప్పటిదాకా మిమ్మల్ని ఏడిపించిన 9 సెకన్లు ఇప్పుడు మీకే పనికొస్తాయి: ప్రశ్న అందరి ఫోన్లకీ చేరడానికి అంత తీరిక దొరికినట్టే. వెబ్‌సాకెట్ తెగిపోయిన ఫోన్ కూడా ఈలోపు మళ్లీ కలుస్తుంది.

జవాబుతో పాటు అది నొక్కిన వీడియో సమయాన్ని కూడా తీసుకోండి. తెరిచిన క్షణం నుంచి 30 సెకన్లు దాటకపోతే చెల్లుతుంది. సర్వర్‌లో మాత్రం గట్టి గడువు ఒకటి ఉండాలి, అసలు 30కి పైన 15 సెకన్లు చాలు. ఫోన్ పంపిన సమయాన్ని గుడ్డిగా నమ్మితే ఏ తెలివైన పిల్లాడో దాన్ని మార్చి పంపుతాడు. ఫలితాలు ఆ 45 సెకన్లు నిండేదాకా చూపించొద్దు. 40 వేల జవాబులు ఒకే సెకనులో పడకుండా ఫోన్ దగ్గరే 0 నుంచి 3 సెకన్ల మధ్య యాదృచ్ఛికంగా ఆపి పంపించండి. పిల్లాడికి టిక్కు వెంటనే కనిపిస్తుంది కాబట్టి వాడికి తెలియదు.

ఇందులో రెండు గోతులు ఉన్నాయి. ఒకటి, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఆ సమయాన్ని మొదలైనప్పుడు ఒక్కసారే గడియారం చూసి రాసుకుంటుంది, తర్వాత సెగ్మెంట్ల నిడివి కూడుకుంటూ పోతుంది. స్టూడియో నెట్ 20 సెకన్లు ఆగి, అదే ప్రాసెస్ కొనసాగితే, అక్కడి నుంచి ట్యాగ్ 20 సెకన్లు వెనక నడవొచ్చు. పోల్ అందరికీ 20 సెకన్లు ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఆర్‌టీఎంపీ తెగి కలిసిన ప్రతిసారీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ని కొత్తగా లేపండి, సర్వర్‌లో గడియారాన్ని సరిదిద్దే క్రోనీ నడుస్తోందో లేదో చూడండి. రెండు, ట్యాగ్ రాసేది సర్వర్, సారు మాట్లాడింది స్టూడియోలో. మధ్యలో సెకను, రెండు సెకన్ల తేడా ఉంటుంది. గడియారం ఫోటో తీసేటప్పుడు ప్లేయింగ్‌డేట్‌ని కూడా తెర మీద చూపించి ఆ తేడా కొలవండి. దాన్ని పోల్ సమయానికి కలిపేయండి. అందరికీ ఒకే విలువ కాబట్టి ఒకసారి కొలిస్తే చాలు, ఓబీఎస్ సెట్టింగులు మారిస్తే మళ్లీ కొలవాలి.

పిల్లాడికీ పిల్లాడికీ తేడా తగ్గించడానికి ప్లేయర్‌కి లక్ష్యం చెప్పండి. ఎక్సోప్లేయర్‌లో టార్గెట్ ఆఫ్‌సెట్ 10 సెకన్లు, గరిష్ఠ వేగం 1.05. హెచ్‌ఎల్‌ఎస్ జేఎస్‌లో లైవ్ సింక్ డ్యూరేషన్ 10, మ్యాక్స్ లైవ్ సింక్ ప్లేబ్యాక్ రేట్ 1.05. ఈ రెండోది డిఫాల్ట్‌గా 1, అంటే వెనకబడినవాడు వెనకే ఉండిపోతాడు. మీ 14 సెకన్ల వాళ్లు వాళ్లే. 1.05 వేగంతో 4 సెకన్లు అందుకోవడానికి 80 సెకన్లు పడుతుంది, గొంతు స్వరం మారదు, పిల్లలు గమనించరు. 1.1 పెడితే 40 సెకన్లలో అందుకుంటారు గానీ లెక్కల సారు అప్పటికే వేగంగా చెప్పే మనిషైతే కష్టం.


అంచుసర్వర్ జవాబు:

గడియారం గారు చెప్పింది చేశాక కూడా 4 సెకన్లు కావాలంటే అప్పుడు లో లేటెన్సీ హెచ్‌ఎల్‌ఎస్. ముందు తెలుసుకోవాల్సింది, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో హెచ్‌ఎల్‌ఎస్ ఫైళ్లు రాసే మక్సర్ పార్టులు, అంటే సెగ్మెంట్‌లోని చిన్న ముక్కలు, తయారు చేయదు. మీడియాఎంటీఎక్స్ లేదా ఓవెన్‌మీడియాఇంజిన్ లాంటి స్ట్రీమింగ్ సర్వర్ మధ్యలో రావాలి.

పార్ట్ నిడివి దగ్గర లెక్క వేసుకోండి. ప్రతి పార్ట్‌కీ ఒక ప్లేలిస్ట్ అడుగు, ఒక పార్ట్ అడుగు. ఇప్పుడు మీ 2 సెకన్ల సెగ్మెంట్లతో మనిషికి సెకనుకి ఒక రిక్వెస్టు, మొత్తం 40 వేలు. పార్ట్ 1 సెకను అయితే 80 వేలు. అర సెకను అయితే 1.6 లక్షలు. మీడియాఎంటీఎక్స్ డిఫాల్ట్ 200 మిల్లీసెకన్లు, దాన్ని అలాగే వదిలేస్తే సెకనుకి 4 లక్షలు. ఆడియో విడి ట్రాక్ అయితే ఇవన్నీ రెండింతలు. రిక్వెస్టుకింత అని వసూలు చేసే సీడీఎన్ అయితే డేటా బిల్లు కంటే ఇది ఎక్కువైపోతుంది. మీకు పార్ట్ 1 సెకను చాలు. ప్లేయర్ వెనకుండాల్సిన దూరం, పార్ట్ హోల్డ్ బ్యాక్, పార్ట్‌కి మూడింతలు, అంటే 3 సెకన్లు.

అర సెకను పార్టులో ఇంకో చిక్కుంది. 360పీకి 450 కేబీపీఎస్ అయితే అర సెకను పార్ట్ 28 కేబీ. టీసీపీ మొదటి విడతలో పది ప్యాకెట్లు, దాదాపు 14 కేబీ పంపుతుంది. అంటే ఆ పార్ట్ రెండు రౌండ్లలో అయిపోతుంది. ప్లేయర్ కొలిచేది నెట్ వేగం కాదు, సీడీఎన్ దాకా వెళ్లి వచ్చే సమయం. పిల్లాడికి 20 ఎంబీపీఎస్ ఉన్నా 360పీ లోనే కూర్చోవచ్చు. 360 విషయమే వచ్చింది కాబట్టి: బోర్డు క్లాసుకి అది దండగ, అక్షరాలు కనపడవు. దాని బదులు 480పీని సెకనుకి 15 ఫ్రేములతో 350 కేబీపీఎస్‌లో ఇవ్వండి. సారు చెయ్యి కొంచెం తడబడినట్టుంటుంది, సూత్రం మాత్రం చదవగలరు.

సీడీఎన్‌లో ఎక్కువమంది పడే గొయ్యి క్వెరీ స్ట్రింగ్, అంటే అడ్రస్‌లో ప్రశ్న గుర్తు తర్వాత వచ్చే భాగం. లో లేటెన్సీలో ప్లేయర్ ప్లేలిస్ట్ అడుగుతూ ఇంకా పుట్టని సెగ్మెంట్ నంబరు, పార్ట్ నంబరు క్వెరీలో పంపుతుంది, సర్వర్ అది పుట్టేదాకా జవాబు ఆపి ఉంచుతుంది. సీడీఎన్‌లో క్వెరీ పట్టించుకోవద్దు అని ఉంటే పాత ప్లేలిస్టే మళ్లీ మళ్లీ వస్తుంది. సరే అని క్వెరీ మొత్తం కాష్ కీలో పెట్టారనుకోండి, మీ లాగిన్ టోకెన్ కూడా అందులోకి వచ్చేస్తుంది. 40 వేల మందికి 40 వేల కీలు, అన్నీ మీ ఒరిజిన్ (అసలు సర్వర్) మీద పడతాయి. కీలో ఎంఎస్‌ఎన్ (ఆ సెగ్మెంట్ నంబరు), పార్ట్ రెండే ఉండాలి. టోకెన్‌ని ఎడ్జ్‌లో, అంటే సీడీఎన్ సర్వర్‌లోనే, సరిచూసి అక్కడే తీసేయాలి.

ఎన్‌జిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ కాష్ లాక్ ఆన్ చేయండి, ఒకే ఫైలు కోసం వందమంది వస్తే ఒక్కరే లోపలికెళ్లి మిగతావాళ్లు ఆగుతారు. దాని గడువు డిఫాల్ట్‌గా 5 సెకన్లు. స్టూడియో నెట్ ఆగి ప్లేలిస్ట్ జవాబు అంతకంటే ఆలస్యమైతే ఆగినవాళ్లంతా ఒక్కసారిగా ఒరిజిన్ మీదకి దూకుతారు, ఆ జవాబులు కాష్‌లోకి కూడా వెళ్లవు. గడువు 10కి పెంచి, ఒరిజిన్ 6 సెకన్లకి మించి ఏ రిక్వెస్టునీ పట్టి ఉంచకుండా 503 (ఇప్పుడు ఇవ్వలేను) ఇచ్చేలా చూడండి. 404 (దొరకలేదు), 503 లని సీడీఎన్ కాష్ చేయకూడదు, చేసినా ఒక్క సెకనే. పుట్టని పార్ట్‌కి వచ్చిన ఒక్క 404 పది సెకన్లు కాష్‌లో ఉండిపోతే ఆ ఊరి పిల్లలందరికీ ఒకేసారి చక్రం తిరుగుతుంది.


నల్లబల్ల:

అందరికీ థాంక్స్. ముందు పోల్‌ని ప్లేయింగ్‌డేట్‌కి కడతాను, లో లేటెన్సీ తర్వాత. స్టూడియో నుంచి ఆర్‌టీఎంపీ బదులు యూడీపీ మీద నడిచే ఎస్‌ఆర్‌టీ పెడితే ఏమైనా లాభమా?


కీఫ్రేమ్‌కాపరి:

లైన్‌లో ప్యాకెట్లు పోతుంటే లాభమే, ఆర్‌టీఎంపీలా టీసీపీ క్యూలో ఇరుక్కోదు. లేటెన్సీ విలువ రానుపోను సమయానికి నాలుగింతలు పెట్టండి. ముంబై దాకా 30 మిల్లీసెకన్లయితే 120. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో, దాని మీద నడిచే ఓబీఎస్‌లో ఆ విలువ మైక్రోసెకన్లలో. 120 అని కాదు, 120000 అని రాయాలి.